అది తెలివి పరీక్ష కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో రంగుల పజిల్ వేశారు కదా, ‘ఎరుపు’ అన్న మాట నీలి సిరాలో, ‘నీలం’ ఆకుపచ్చలో, మాట చదవకుండా రంగు మాత్రమే చెప్పాలని. పజిల్ బాగుంది. పైన ‘మీ మెదడు ఎంత చురుకు?’ అని పెట్టడమే బాగాలేదు. మా నరసన్నపేటలో నా దగ్గరకి ట్యూషన్‌కొచ్చే ఏడో తరగతి పిల్లలు తడబడ్డారు, ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒకటో తరగతి బుడ్డోడు గడగడా చెప్పేశాడు, ఇంక ఇళ్లల్లో ఒకటే దెప్పుళ్లు, వాడికున్నపాటి బుర్ర నీకు లేదా అని.

నిజానికి చదువు బాగా వచ్చినవాళ్లే అక్కడ ఆగిపోతారు. కన్ను మాట మీద పడ్డాక చదవకుండా ఉండటం మన చేతిలో లేదు, అది దానంతటదే అయిపోతుంది, రంగు పేరు మాత్రం ప్రయత్నించి చెప్పాలి. అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే ఆయన 1935లోనే దీన్ని కొలిచి చూపించారు. ఉత్త రంగు గళ్లు 100 చెప్పడానికి కాలేజీ విద్యార్థులకు సుమారు 63 సెకన్లు పడితే, వేరే రంగు పేరున్న మాటల సిరా రంగు చెప్పడానికి 110 దాకా పట్టింది. వాళ్లందరూ మొద్దులా? తమాషా ఏంటంటే, సిరా ఏ రంగైనా సరే మాట చదవమంటే వాళ్లకి పెద్ద తేడా రాలేదు. రోజూ సాధన చేస్తే తడబాటు తగ్గుతుందనీ ఆయనే చూపించారు.

అవే పేర్లు ఒడియాలో అచ్చువేసి చూడండి. ఆ లిపి రాని మా పిల్లలు గబగబా చెప్పేస్తారు, ఇచ్ఛాపురం వైపు ఒడియా బడిలో చదివేవాళ్లు తడబడతారు.

డాక్టర్లు కూడా ఇలాంటి పరీక్ష వాడతారు, కాదనను, కానీ వయసు, చదువు చూసి, అలాంటివాళ్లతో పోల్చి లెక్క కడతారు, టీ తాగుతూ పేపర్ మీద కాదు.

వచ్చేవారం ఈ సంగతి రెండు ముక్కల్లో వేయండి, మా పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది. పనిలో పనిగా అచ్చు సంగతి కూడా చూడండి, మాకొచ్చిన కాపీలో నీలం, ఊదా ఒకేలా పడ్డాయి, మూడో వరుస దగ్గర ఏది ఏదో తేలక పిల్లలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

– ఒక ట్యూషన్ మాస్టారు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా