నీళ్లు రావంటే ప్రకటన, రాలేదంటే వార్త

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పోయిన వేసవిలో మా రేడియో గదిలో కూర్చుని ఒక పెద్దావిడ మాటల్లోంచి పదకొండు సెకన్లు కత్తిరించాను. ఆవిడ ములక్కాడ పులుసు ఎలా చేయాలో చెబుతున్నారు. చెబుతూ చెబుతూ మధ్యలో, "అయినా నీళ్లుంటే కదా నాయనా వండేది! నాలుగు రోజులైంది మా వీధి కుళాయికి నీళ్లు వచ్చి. అడిగితే రేపు రమ్మంటారు" అన్నారు. పులుసు ఉంచాను, నీళ్లు తీసేశాను. అతుకు వినిపించకుండా ఆవిడ దగ్గొకటి తెచ్చి అక్కడ పెట్టాను. పనితనం బాగానే కుదిరింది, ఎవరూ కనిపెట్టలేదు.

ఎందుకు తీశానో మీకు తెలుసు. మాది కమ్యూనిటీ రేడియో, అంటే ఒక ప్రాంతం వాళ్ల కోసం లాభం చూసుకోకుండా నడిపే చిన్న రేడియో. అది సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టుగానో, స్థానిక భాషలోకి మార్చుకునో వినిపించవచ్చు. వాతావరణం, జాతరలు, పరీక్ష ఫలితాలు వార్తల కిందికి రావు కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. కరెంటు, మంచినీళ్ల గురించి కూడా చెప్పవచ్చు, కానీ ఆ సమాచారం స్థానిక అధికారులు ఇచ్చినదై ఉండాలి. అంటే రేపు నీళ్లు రావని కార్యాలయం చెబితే అది ప్రకటన. రాలేదని కుళాయి కింద ఖాళీ బిందె పెట్టుకున్న మనిషి చెబితే అది వార్త.

ఆ వారం చివర్లో కార్యాలయం నుంచి కాగితం రానే వచ్చింది, నీటి సరఫరాను పునరుద్ధరించామని. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివాం. ఆగిన సంగతి చెప్పని రేడియో మళ్లీ వచ్చిన సంగతి మాత్రం రెండుసార్లు చెప్పింది.

పెద్దావిడ మాట వార్త కాదని వాదించగల లాయర్లు ఉంటారేమో. అనుమతి ఎక్కడ రద్దవుతుందోనన్న భయంతో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి వాదన తోచదు, కత్తెర తోస్తుంది.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నారు. తీర్పు వచ్చాక 2002లో కమ్యూనిటీ రేడియో పెట్టుకోవడానికి విద్యాసంస్థలకు తలుపు తెరిచారు. స్వచ్ఛంద సంస్థలకు తెరవడానికి 2006 దాకా పట్టింది. ఈలోగా జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు స్టూడియో కట్టుకుని, యునెస్కో సాయంతో యంత్రాలు అమర్చుకుని, అనుమతి లేక ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఊరికే కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపింది దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు. విత్తనాలు, జొన్నలు, కొర్రలు, నాటు వైద్యం, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. చదువు లేనివాళ్లకు సాంకేతికత ఏం తెలుస్తుందనే మాటకు అంతకన్నా గట్టి జవాబు నేను వినలేదు.

ఛత్తీస్‌గఢ్‌లో దారి మరోలా సాగింది. 2010లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఫోను వార్తల వేదికలో ఆదివాసీలు ఫోను చేసి, కూలి డబ్బులు అందలేదనో, చేతిపంపు పాడైందనో హిందీలోనో గోండీలోనో చెబుతారు. నిర్వాహకులు దాన్ని సరిచూసుకుని అందరికీ వినిపిస్తారు. విన్నవాళ్లు సంబంధిత అధికారికి ఫోను చేస్తారు. ఇదే పని రేడియోలో చేస్తే తప్పు.

వార్తలు వదిలితే పుకార్లు పుడతాయని మీ శాఖ భయం కావచ్చు. భయపడాల్సింది మా గురించేనా? చిన్న ఊళ్లో పుకారు ఇప్పుడు వాట్సాప్‌లో పుడుతుంది, దానికి తల్లీ తండ్రీ ఎవరో తెలియదు. మాకు చిరునామా ఉంది, బోర్డు ఉంది, ఎవరైనా వచ్చి నిలదీయడానికి తలుపు ఉంది. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచిపెట్టాలని మీ నిబంధనే చెబుతోంది. ఆకాశవాణి ప్రసార నియమావళి మాకూ వర్తిస్తుంది. మా ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లకు మించకూడదు. పది పదిహేను కిలోమీటర్లు దాటితే మా గొంతు గరగరలాడి ఆగిపోతుంది. దేశాన్ని తలకిందులు చేసేంత సత్తా దానికి లేదు.

ప్రైవేటు ఎఫ్.ఎం.లకు గంటకు పది నిమిషాలు వార్తలు చెప్పుకునే వీలు కల్పించవచ్చని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. సంతోషం. నగరాల్లో వ్యాపారం చేసే రేడియోకు అది తగినదైతే, లాభం ఊసే లేని మాకు ఎందుకు తగదు? 2024లో మాకు గంటలో 12 నిమిషాల దాకా వ్యాపార ప్రకటనలు వేసుకోనిచ్చారు. మంచిదే, కరెంటు బిల్లుకు ఆసరా అయింది. సబ్బు గురించి అంతసేపు చెప్పనిచ్చేవారు స్నానానికి నీళ్లు లేవని ఒక్క నిమిషం చెప్పనివ్వరా?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మా ప్రసార పరిధిలో జరిగిన విషయాన్ని మా పరిధిలోని మనుషుల నోట చెప్పనివ్వండి. గ్రామసభలో ఎవరేమన్నారో, బడి పైకప్పు ఎప్పటి నుంచి కారుతోందో, ఉపాధి కూలి ఎన్ని వారాలుగా రాలేదో. సంబంధిత అధికారి జవాబు కూడా అదే కార్యక్రమంలో వినిపించాలని షరతు పెట్టండి, ఒప్పుకుంటాం. రికార్డులు మూడు నెలలకు బదులు ఏడాది దాచమనండి, దాస్తాం.

ఉత్తరం తెలుగులో రాశాను, అనువాదం చేయించుకోగలరు. ఆకాశవాణి వార్తలకు ఆ తిప్పలు మేమూ పడుతున్నాం.

ఆ పదకొండు సెకన్లను నేను చెరిపేయలేదు. వేరే ఫైలులో ఉంచాను. దాని పేరు 'పులుసు-2'.

ఇట్లు,
ఒక కమ్యూనిటీ రేడియో వలంటీరు