ఫోన్ వస్తే నెట్ కట్టయ్యేది మోడెమ్ తప్పు వల్ల కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికాలో నెట్ ఇచ్చే ఏఓఎల్ కంపెనీ వాళ్ళు 2025 సెప్టెంబర్ 30తో డయలప్, అంటే ఫోన్ లైను మీద నడిచే నెట్, ఆపేశారని మీ పేపర్లో వచ్చింది చదివాను, పాత రోజులన్నీ కళ్ళ ముందు తిరిగాయి, కానీ ఒక మాట దగ్గర ఆగిపోయా. ఇంటికి ఫోన్ వస్తే నెట్ పోయేది, డయలప్ అంటేనే అంత, అన్నట్టు రాశారు. అది నిజం కాదండి. నెట్ పోయేది కాల్ వెయిటింగ్ వల్ల, అంటే లైన్‌లో ఉండగానే ఇంకో కాల్ వచ్చిందని బీప్ కొట్టే సదుపాయం వల్ల, దాన్ని ఆపడానికి మూడు బటన్లు చాలు, ఆ సంగతి చెప్పేవాళ్ళు లేక అప్పట్లో అమెరికాకి వచ్చిన మాలాంటి వాళ్ళు ఎన్ని అవస్థలు పడ్డారో చెప్దామనే ఈ ఉత్తరం.

1999లో నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ముగ్గురు కుర్రాళ్ళం కలిసి ఉండే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడిని, ముగ్గురికీ ఒకటే ఫోన్ లైను, దాని మీదే నెట్టు. లైన్ తీసుకునేటప్పుడు ప్యాకేజీ అని చెప్పి కాల్ వెయిటింగు, వాయిస్ మెయిలు అన్నీ కలిపి అంటగట్టారు, మేమూ మంచిదేగా అనుకున్నాం. ఒక రాత్రి ప్రాజెక్ట్ కోసం 20 ఎంబీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పెట్టా, మోడెమ్ అంటే కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే పరికరం, మాది 56కే, సెకనుకి 56 కిలోబిట్లు అన్న మాటే గానీ లైను మీద 40 వస్తే గొప్ప, గంట పైనే పట్టే పని. 17 ఎంబీ దాకా వచ్చాక ఎవరో రాంగ్ నంబర్ వాడు కొట్టాడు, అంతే, కనెక్షన్ పోయింది, ఆ రోజుల్లో ఆగిన చోట నుంచి మొదలెట్టే సదుపాయం మా బ్రౌజర్‌లో లేదు కాబట్టి మళ్ళీ సున్నా నుంచి. అలా ఒక్క రాత్రిలో మూడుసార్లు జరిగింది. ఫోన్ కంపెనీకి కాల్ చేస్తే మీ మోడెమ్ బాలేదేమో చూసుకోండి, లేదంటే నెట్ కోసం ఇంకో లైను తీసుకోండి అన్నారు. మా రూమ్మేట్ నమ్మి కొత్త మోడెమ్ కొన్నాడు కూడా, అదీ అలాగే కట్టయ్యేది.

అసలు జరిగేదేంటంటే, మనం లైన్‌లో ఉండగా ఇంకో కాల్ వస్తే ఎక్స్‌ఛేంజ్ ఒక బీప్ కొడుతుంది, అమెరికాలో అది 440 హెర్ట్జ్ టోను, సెకనులో మూడో వంతు కూడా ఉండదు, ఎత్తకపోతే 10 సెకన్లకి మళ్ళీ కొడుతుంది. మనిషి చెవికి అది చిన్న టుక్కు, మాట్లాడుకుంటూ పోతాం. మోడెమ్‌కి అలా కాదు, దాని బతుకంతా అవతలి మోడెమ్ నుంచి ఆగకుండా వచ్చే కూత మీదే ఉంటుంది, బీప్ కోసం ఎక్స్‌ఛేంజ్ ఆ కూతని ఒక్క క్షణం తెంపుతుంది, అవతలివాడు పెట్టేశాడనుకుని ఇదీ పెట్టేస్తుంది. ఎంతసేపు ఓపిక పట్టాలో మోడెమ్‌లో ఎస్10 అని ఒక సెట్టింగ్ ఉండేది, సెకనులో పదో వంతుల్లో లెక్క, చాలా మోడెమ్‌లలో 14, అంటే 1.4 సెకన్లు. దాన్ని 50 చేస్తే కొన్ని బీప్‌లు తట్టుకునేది గానీ గ్యారంటీ లేదు, నేను చేసి చూశా కాబట్టి చెప్తున్నా.

మందు చెప్పింది ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే ఒక తమిళావిడ. నంబర్ ముందు స్టార్ 70 కొట్టమంది, పాత తిప్పుడు ఫోన్లయితే 1170. దాంతో ఆ ఒక్క కాల్‌కి మాత్రం కాల్ వెయిటింగ్ ఆగుతుంది, పెట్టెయ్యగానే దానంతట అదే తిరిగి వస్తుంది. విండోస్ 98లో డయలింగ్ ప్రాపర్టీస్‌లో దానికోసం ఒక గడి కూడా ఉంది, ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉన్నా పట్టించుకోలేదు. స్టార్ 70 తర్వాత ఒక కామా, ఆ తర్వాత నంబరు, కామా అంటే మోడెమ్ 2 సెకన్లు ఆగుతుంది, ఆ లోపు ఎక్స్‌ఛేంజ్ సరే అని మళ్ళీ డయల్ టోన్ ఇస్తుంది. ఆ రాత్రి డౌన్‌లోడ్ మొత్తం దిగింది, మేం ముగ్గురం తెల్లారేదాకా పడుకోలేదు ఆనందంతో.

కానీ దీనికి ఇంకో పక్క ఉంది, అది ఎవరూ చెప్పరు. కాల్ వెయిటింగ్ ఆపితే బయట నుంచి చేసేవాళ్ళకి లైన్ ఎంగేజ్, లేదా తిన్నగా వాయిస్ మెయిల్‌కి పోతుంది. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఆదివారం రాత్రి ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి చేసేవారు, అప్పుడు మాకు ఆదివారం పొద్దున్న, నేను సరిగ్గా నెట్‌లో ఉండే టైము. ఎంగేజ్ వస్తే బూత్‌లో డబ్బులు పడవు, వాయిస్ మెయిల్ ఎత్తితే మీటర్ తిరుగుతుంది. ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెప్పి కూత పెట్టింది నాన్నా, నువ్వు లేవేమో అనుకున్నా అన్నారు తర్వాతి వారం, ఆ ఐఎస్డీ రేట్లకి ఆయన రెండుసార్లు అలా కట్టి ఇంటికి నడిచెళ్ళారని అమ్మ చెప్తే నాకు గొంతు పట్టేసింది. ఆ రోజు నుంచి ఆదివారం 9 నుంచి 11 దాకా నెట్ ముట్టుకోకూడదని ఫోన్ మీద కాగితం అంటించాం, రూమ్మేట్లు కూడా పాపం పాటించారు.

ఇంకోటి, ఎవరన్నా వాయిస్ మెయిల్ పెడితే మర్నాడు డయల్ టోన్ తడబడుతూ తడబడుతూ వస్తుంది, మెసేజ్ ఉందని గుర్తుగా. మోడెమ్ దాన్ని డయల్ టోన్ అనుకోదు, ఎర్రర్ 680, డయల్ టోన్ లేదు అంటుంది. లైన్ చచ్చిపోయిందని కంప్లయింట్ ఇచ్చినవాళ్ళని నాకు తెలుసు. మెసేజ్‌లు వినేస్తే సరిపోతుంది, లేదా మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేసి నంబర్ ముందు రెండు కామాలు పెడితే చాలు. 2000లో వచ్చిన వి.92 అనే కొత్త రకం మోడెమ్‌లకైతే కాల్ వస్తే నెట్‌ని కాసేపు హోల్డ్‌లో పెట్టే పద్ధతి ఉంది, కానీ అది ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ వైపు కూడా ఉండాలి, మావాళ్ళ దగ్గర లేదు, ఈలోగా కేబుల్ నెట్ వచ్చేసింది.

ఇదంతా ఇప్పుడెందుకంటారేమో. ఇక్కడ మనవాళ్ళ షాపుల్లో ఇప్పటికీ ఫోన్ లైన్ మీద నడిచే ఫ్యాక్సులు, కార్డ్ మిషన్లు ఉన్నాయి, మధ్యలో కాల్ వస్తే ఫ్యాక్స్ సగం పేజీలో ఆగుతుంది, వాటికీ ఆ స్టార్ 70యే మందు. మన ఊళ్ళలో మొన్న మా మేనకోడలు మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే కాల్ వచ్చి నెట్ ఆగిపోయింది, ఏడుస్తూ ఫోన్ చేసింది. చూస్తే ఫోన్‌లో వోల్టీ, అంటే కాల్స్ కూడా 4జీ మీదే నడిపే సెట్టింగ్, ఆఫ్‌లో ఉంది, అలా ఉంటే కాల్ కోసం ఫోన్ 4జీ వదిలేసి 2జీకి దిగుతుంది, డేటా ఆగుతుంది. రెండు సిమ్ములుంటే ఒకదానికి కాల్ వస్తే రెండోదాని డేటా ఆగే ఫోన్లు కూడా చాలా ఉన్నాయి, పరీక్ష అయ్యేదాకా డేటా వాడని సిమ్ము ఆఫ్ చేసుకోవాలి, డేటా వాడేదానికి వోల్టీ ఆన్ చేసుకోవాలి. వార్తలో ఆ ఒక్క మాట సరిచేసి, దాని పక్కనే ఈ వోల్టీ సంగతి నాలుగు లైన్లు వేయండి, పరీక్షల సీజన్ మొదలయ్యేలోపే వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ