పాత కారుకు ఏ కూలెంట్? రంగు చూసి పోయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత కార్ల సంరక్షణ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. పెయింట్ గురించి, టైర్ల గురించి చక్కగా రాశారు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఇప్పుడు దొరుకుతున్న లాంగ్ లైఫ్ రకం పోయించుకుంటే ఐదేళ్ల దాకా దాని జోలికి వెళ్లక్కర్లేదని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ వాక్యం చదివాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లుగా నేను రేడియేటర్లకు టంకం పెట్టే పనిలో ఉన్నాను. ఆ సలహా కొత్త కారుకు సరిపోతుంది, పాత కారుకు సరిపోదు.

రెండు నెలల కిందట ఒక మోరిస్ మైనర్ రేడియేటర్ నా దగ్గరికి వచ్చింది. 1959 నాటి కారు, 948 సీసీ ఇంజన్. తండ్రి పోయాక కొడుకు దాన్ని ప్రాణంలా చూసుకుంటున్నాడు. "పోయినేడే మంచి ఖరీదైన కూలెంట్ పోయించానండీ, అయినా కారుతోంది" అన్నాడు. రేడియేటర్‌ను బల్ల మీద పడుకోబెట్టి చూస్తే, పై ట్యాంకు అతుకు పొడుగునా సున్నం పూసినట్టు తెల్లటి పొడి. స్క్రూడ్రైవర్ మొనతో ఒత్తి చూశాను. మంచి టంకం అయితే సొట్ట పడుతుందే తప్ప ఊడి రాదు. ఇది నానిన గోడ పెచ్చులా పొడిపొడిగా రాలింది. ట్యాంకు విప్పితే ట్యూబుల నోళ్ల దగ్గర గోధుమరంగు జిగురు. నలభై దాకా ట్యూబులుంటే పదకొండు పూర్తిగా మూసుకుపోయాయి. అడిగితే తెలిసింది, పాత ఆకుపచ్చ కూలెంట్ మొత్తం తీయకుండానే దాని మీద ఆరెంజ్ రంగుది పోశారట. రెండూ కూలెంటే కదా అనుకున్నారు.

ఆ టంకం కేవలం ఆరెంజ్ కూలెంట్ వల్లే పోయిందని నేను ప్రమాణం చేసి చెప్పను. అంతకుముందు ఆకుపచ్చది ఎన్నేళ్లు ఉంచేశారో ఆ అబ్బాయికి గుర్తు లేదు. సత్తువ అయిపోయిన కూలెంట్‌లో నానినా టంకం అలాగే తెల్లగా పొంగి పొడి అవుతుంది. కానీ ఆ కారుకు పోయకూడనిది పోశారు, పైగా కలిపి పోశారు. అది మాత్రం ఖాయం.

పాత కార్ల రేడియేటర్‌లో ట్యాంకులు ఇత్తడివి, రెక్కలు రాగివి. వాటిని కలిపి పట్టుకుని ఉండేది సీసం, తగరం కలిసిన టంకం. ఇంజన్ బ్లాకు పోత ఇనుము. కొన్ని ఇంజన్లకు హెడ్డు అల్యూమినియంది ఉంటుంది. ఇన్ని లోహాలు ఒకే నీళ్లలో మునిగి ఉంటే ఒకదాన్ని ఒకటి తినడం మొదలుపెడతాయి, బ్యాటరీలో జరిగినట్టే. దాన్ని ఆపడానికే కూలెంట్‌లో మందులు కలుపుతారు. పాత రకం, అంటే ఐఏటీ అని రాసి ఉండేది, సిలికేట్ల వంటి వాటితో పని చేస్తుంది. అవి లోహం మీద త్వరగా పల్చటి పొర కడతాయి. ఆ మందు ఖర్చయిపోతుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. లాంగ్ లైఫ్‌లో ఎక్కువగా కనిపించే ఓఏటీ రకం సేంద్రియ ఆమ్లాలతో పని చేస్తుంది. ఆ ఆమ్లాల్లో 2-ఇథైల్ హెక్సనోయిక్ అని ఒకటి చాలా వాటిలో ఉంటుంది. దానికి సీసం ఉన్న టంకంతోనూ, కొన్ని రకాల సీళ్లతోనూ పొసగదు. అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకు, మధ్యలో రబ్బరు గ్యాస్‌కెట్ ఉండే కొత్త రేడియేటర్‌లో అసలు టంకమే లేదు, అందుకని అక్కడ అది భేషుగ్గా పని చేస్తుంది. 1990లలో ఈ రకం బాగా వాడకంలోకి వచ్చేనాటికి మోరిస్ మైనర్ తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

ఇక రంగు. దయచేసి రంగు చూసి కొనొద్దు. అది కేవలం కలిపిన రంగు, ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. ఆకుపచ్చ, నీలం చాలాసార్లు పాత రకమే అయినా ప్రతిసారీ కాదు. డబ్బా వెనక్కి తిప్పి ఐఏటీ అనో, సిలికేట్ ఉందనో, రాగి, ఇత్తడి, టంకం ఉన్న రేడియేటర్లకు పనికొస్తుందనో రాసి ఉందేమో చూడాలి. బీఎస్ 6580 లాంటి ప్రమాణం నంబరు ఒక్కటే చూసినా లాభం లేదు, రెండు రకాల డబ్బాల మీదా అది కనిపిస్తుంది. ఏ రకమో, ఏ రేడియేటర్లకు పనికొస్తుందో డబ్బా ముందు వైపే పెద్ద అక్షరాల్లో వేయమని తయారీదారులను మీ పత్రిక అడగాలని నా కోరిక.

ఆ రోజుల్లో ఉత్త నీళ్లే పోశారుగా అనేవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. పోశారు. ఆ బ్లాకుల నీటి కుళాయి విప్పితే చుక్క రాదు. లోపలికి తీగ పెట్టి కెలికితే అప్పుడు ఎర్రమట్టి నీళ్లలా తుప్పు దిగుతుంది. ఆ బురద అడ్డం పడి సిలిండర్ల చుట్టూ నీళ్లు ఆడకపోతే కొత్త రేడియేటర్ వేసినా ఇంజన్ వేడెక్కుతూనే ఉంటుంది. కూలెంట్‌ను గడ్డకట్టకుండా కాపాడే మందుగానే చాలామంది చూస్తారు. నేను మాత్రం ముందు తుప్పు మందుగానే చూస్తాను.

అలాగని చిక్కగా పోసేయకూడదు. కూలెంట్‌లో ప్రధానంగా ఉండేది గ్లైకాల్ అనే ద్రవం. ఉత్త గ్లైకాల్ సుమారు మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది, సగం నీళ్లు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. పైగా వేడిని మోసుకెళ్లడంలో నీళ్లను మించింది లేదు. సగానికి సగం కలపడం మామూలు. గడ్డకట్టే చలి లేని చోట మూడోవంతు కూలెంట్ చాలు, అంతకన్నా పల్చన చేస్తే తుప్పు మందు చాలదు. కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. నీళ్లలో ఉప్పులుంటే ట్యూబుల్లో పొలుసు కడుతుంది.

లోపలి ఒత్తిడిని పట్టి ఉంచే రేడియేటర్ మూత, అదే క్యాప్ గురించి కూడా చెప్పాలి. కారుతోందనో, మరుగుతోందనో కొందరు చదరపు అంగుళానికి 13, 15 పౌండ్ల ఒత్తిడి పట్టే క్యాప్ తెచ్చి బిగిస్తున్నారు. ఆ కాలం రేడియేటర్లు చాలావరకు 4 నుంచి 7 పౌండ్ల ఒత్తిడికి చేసినవి. కొత్త క్యాప్ ఒత్తిడికి అరవై ఏళ్ల అతుకులు విచ్చుకుంటాయి. ఏ క్యాప్ ఉండాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఆ వ్యాసం చదివి ఇప్పటికే మార్చేసినవాళ్లు ఉంటే కంగారు పడనక్కర్లేదు, కానీ ఆలస్యం చేయొద్దు. ఇంజన్ పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి, హీటర్ వాల్వ్ తెరిచి, రేడియేటర్ కుళాయి, బ్లాకు కుళాయి రెండూ వదలండి. తేటనీళ్లు వచ్చేదాకా కడగండి. ఒక్కసారి కడిగితే చాలదు, నీళ్లతో కాసేపు ఇంజన్ నడిపి, చల్లారనిచ్చి మళ్లీ దించాలి. దించినదాన్ని మూతపెట్టి ఉంచండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. కొద్దిగా పోయినా కిడ్నీలు చెడి చచ్చిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. తర్వాత సిలికేట్ రకం పోసి, ఆ తేదీ ఒక రేకు ముక్క మీద గీసి కూలెంట్ పోసే ఫిల్లర్ మెడకు కట్టండి. మొదటి వారం అతుకుల దగ్గర చెమ్మ కనిపిస్తే కొత్త కూలెంట్‌ను తిట్టకండి. తుప్పు మూసి ఉంచిన సందుల్లోంచి గ్లైకాల్ నీళ్లకన్నా సులువుగా దారి చేసుకుంటుంది. అప్పుడు కావలసింది టంకం, లీకులు ఆపే పొడి కాదు.

ఆ మోరిస్ మైనర్‌కు పై ట్యాంకు అతుకంతా మళ్లీ టంకం పెట్టాను. మూసుకుపోయిన ట్యూబుల్లో తొమ్మిది తెరుచుకున్నాయి, రెండు మూసేయాల్సి వచ్చింది. మీరు వచ్చే ఆదివారం అదే పేజీలో ఈ సవరణ వేస్తే, ఆ వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్ల కంట పడుతుంది.

ఇట్లు,
రేడియేటర్ల పని చేసే మీ పాఠకుడు