నానమ్మ ఫొటో

పోచంపల్లి

చిట్టితల్లీ స్వప్నా,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోను చేసి నేటికి 19 రోజులు. అమెరికాలో ఆ చిన్లే ఊరు దాటితే సిగ్నలు అందదని పిన్ని కొడుకు చెప్పాడు కాబట్టి నేనేమీ కంగారు పడటం లేదు. నాన్నగారే రాత్రి రెండుసార్లు లేచి ఫోను చూస్తున్నారు.

నువ్వు పంపిన, అక్కడి ఆదివాసీలైన నవాహోల అవ్వ ఫొటోను మగ్గం గదిలో అందరికీ చూపించాను. మన గుంట మగ్గం నేలమీద పరుచుకుంటే వాళ్ల మగ్గం గోడలా నిలబడింది! దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె లేదు. పేకను చేత్తోనే పడుగులో దూర్చి, చెక్క దువ్వెనతో కిందికి కొడుతోంది. కాగితం మీద గీసుకోకుండా అంత నమూనా ఎలా గుర్తుంటుందని నాన్నగారి ఆశ్చర్యం. 1864లో సైన్యం వాళ్లను వందల మైళ్లు నడిపించి తరిమిందనీ, 1868లో తిరిగొచ్చి మళ్లీ గొర్రెలు పెంచుకున్నారనీ, 1930లలో ఆ గొర్రెలనే ప్రభుత్వం చంపించిందనీ రాశావు. అన్ని పడ్డవాళ్లు కెమెరా చూసి ముఖం తిప్పుకుంటే నొచ్చుకోకు.

వేళకు తింటున్నావా? స్వెటరు పెట్టెలోనే ఉండిపోలేదు కదా?

ఫొటో వెనుక ఆ అవ్వ పేరు రాయలేదేం? నానమ్మ సంగతి నీకు తెలియదు, అప్పటికి నీకు రెండేళ్లు. పట్నం నుంచి ఒకాయన వచ్చి, ఆమె ఆసు మీద దారం పోస్తుంటే ఫొటోలు తీశాడు. కిటికీ వెలుగు బాగాలేదని ఆపించి, మళ్లీ మొదలుపెట్టించి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాడు. దారం తెగితే ముడివేసుకోనివ్వలేదు. ఫొటో పంపిస్తానన్నాడు. రెండేళ్లపాటు పోస్టుమ్యాన్ గుమ్మం దాటితే చాలు, నానమ్మ చేయి ఆపి వీధివైపు చూసేది. పోయాక దండ వేయడానికి ఒక్క ఫొటో లేదు. రేషన్ కార్డులోది పెద్దది చేయించాం. భుజం మీద నీలం ముద్ర నువ్వు చూసే ఉంటావు.

అందుకే చెబుతున్నాను, ముందు అడుగు. వద్దంటే కెమెరా సంచిలో పెట్టేసి కాసేపు ఉన్ని ఏకడానికి సాయం చెయ్యి. తీసినవి ప్రదర్శనకంటే ముందు వాళ్ల ఇంటికి చేరాలి. ప్రింట్లకు డబ్బు చాలకపోతే చెప్పు, మొన్న ఎత్తిన చీటీ డబ్బు అలాగే ఉంది.

ఈ ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా పరవాలేదు, మెలకువగానే ఉంటున్నాం.

అమ్మ