మా రేకుల ఇల్లు ఇంగ్లిష్‌లోకి రాదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇళ్ల గురించి ఇంగ్లిష్ పదాలు ఇచ్చారు. కాటేజ్, మాన్షన్, సెమీ డిటాచ్డ్ హౌస్, యాటిక్, ఫైర్‌ప్లేస్, కోజీ... అర్థాల్లో తప్పేం లేదు. కానీ జడ్చర్ల దగ్గర ఒక సర్కారు బడిలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని కాబట్టి చెప్తున్నా, ఆ పేజీ మొత్తం బట్టీ పట్టిన పిల్ల కూడా తన ఇంటి గురించి నాలుగు వాక్యాలు రాయలేదు, ఎందుకంటే ఆ పిల్ల ఇల్లు అందులో లేదు.

మీ ఒక్కరినే అనట్లేదు, బజార్లో దొరికే చార్టులూ అంతే. వాటిల్లో ఇగ్లూ ఉంటుంది, హౌస్‌బోట్ ఉంటుంది, టెంట్ కూడా ఉంటుంది. రేకుల ఇల్లు ఉండదు, బండలు పరిచిన కప్పు ఉండదు, గూనపెంకుల ఇల్లు ఉండదు. ఇక పరీక్షలో మీ ఇంటిని వర్ణించండి అని ప్రశ్న వస్తే పిల్లలు ఏం చేస్తారు, గైడులో ఉన్న ఇంటినే దించుతారు. ముందర గార్డెన్, గార్డెన్‌లో గులాబీలు, పైన చిమ్నీ. 42 డిగ్రీల ఎండలో ఉండే మనకు ఆ చిమ్నీ ఎందుకండీ!

విచిత్రం ఏంటంటే ఇల్లు కట్టే ఇంగ్లిష్ మా పిల్లలకు బాగా వచ్చు. పాలమూరు (మా మహబూబ్‌నగర్) లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు కట్టడానికి పోయింది, ముంబైలో, పుణెలో, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు లేపింది వీళ్ల అమ్మానాన్నలు, తాతలే. తండ్రి సెంట్రింగ్ పనికి పోతుంటే కొడుక్కి ఫుటింగ్, పిల్లర్, బీమ్, లింటెల్, సన్‌షేడ్, పారాపెట్, ప్లాస్టరింగ్ ఎవరూ నేర్పక్కర్లేదు. స్లాబ్ వేశాక రోజుల తరబడి నీళ్లు ఎందుకు పట్టాలో, పట్టకపోతే పగుళ్లు ఎట్లా వస్తాయో ఏడో తరగతి పిల్లగాడు నాకు చెప్తాడు, దాన్ని క్యూరింగ్ అంటారని కూడా చెప్తాడు. ఇవన్నీ డిక్షనరీలో ఉన్న అసలైన ఇంగ్లిష్ పదాలే. కానీ అవి పని కాడ మాటలనీ, బడిలో వాడేవి వేరే ఉంటాయనీ వాడు అనుకుంటాడు. అట్లా అనుకునేట్టు చేసింది మనమే.

సర్కారు బళ్లను బాగుచేసే మన ఊరు-మన బడి పథకం 2022 మార్చి 8న మొదలైంది మన వనపర్తిలోనే. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు ఇచ్చారు. మీడియం మీద గొడవ పెట్టుకోవడానికి నేను ఇది రాయట్లేదు, ఆ వాదన ఇప్పటికే చాలామంది చేశారు. మీడియం ఎట్లాగూ మారింది కదా, ఆ ఇంగ్లిష్‌లోకి పిల్లల ఊరు కూడా రావాలి అంటున్నా, అంతే.

అట్లాగని మనం వాడే మాటల్ని ఉన్నవున్నట్టు రాయిస్తే సరిపోదు, అక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. ఇందిరమ్మ ఇళ్లనే తీసుకోండి. సర్కారు ఇచ్చే 5 లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ అయ్యాక వస్తుంది, అది మా పిల్లలందరికీ తెలుసు, ఇంట్లో రోజూ అదే టెన్షన్ కాబట్టి. మనం బేస్‌మెంట్ అనేది నేలమీద లేచే పునాది మట్టాన్ని, ఇంగ్లిష్‌లో దానికి ప్లింత్ అని ఉంది. బయటిదేశం వాళ్లకు బేస్‌మెంట్ అంటే భూమి లోపల ఉండే గది. మా ఇంటికి బేస్‌మెంట్ అయింది అని రాస్తే కింద ఇంకో అంతస్తు ఉందనుకుంటారు. హాల్ కూడా అంతే. మనకు హాల్ అంటే టీవీ పెట్టుకుని కూర్చునే పెద్ద గది, ఇంగ్లండ్‌లో ఇంట్లోకి అడుగుపెట్టగానే ఉండే నడవా. బంగ్లా సంగతి ఇంకా తమాషా. మన దగ్గర బంగ్లా మీద మిరపకాయలు ఎండబోశాం అంటే మేడ మీద అని, ఇంగ్లండ్‌లో బంగలో అంటే మేడ లేని ఇల్లు! ఇట్లాంటివి చెప్తే క్లాసులో వెనక బెంచీ కూడా నవ్వుకుంటూ వింటుంది, మర్చిపోరు కూడా. సెమీ డిటాచ్డ్ లాంటి మాట కూడా మన గల్లీతో చెప్పొచ్చు. రెండిళ్లకు మధ్యలో ఒకటే గోడ ఉంటే అది సెమీ డిటాచ్డ్, గల్లీ పొడుగునా ఇళ్లన్నీ గోడకు గోడ కలిసుంటే అవి టెర్రస్డ్ హౌసులు. మా పాత ఊళ్లో సగం ఇళ్లు అవే.

మన ఇళ్లకు ఇంగ్లిష్‌లో మాటలు లేవు అనేవాళ్లు ఒకసారి జనాభా లెక్కల ఫారం చూడండి. 2011 లెక్కల్లో కప్పు దేంతో వేశారు అని అడిగి గడ్డి, చేత్తో చేసిన పెంకు, మిషన్ పెంకు, రాయి, రేకులు, కాంక్రీటు అని విడివిడిగా రాసుకున్నారు, ఇంగ్లిష్ ఫారంలో వాటన్నిటికీ మాటలున్నాయి. ఆ లెక్కలకు పోయిన టీచర్లు ఇంటింటికీ తిరిగి అడిగింది ఆ కప్పుల గురించే. మళ్లీ బడికొచ్చి కాటేజ్, మాన్షన్ అని చెప్పాం.

విశేషణాల దగ్గరికొస్తే ఇంకా ఘోరం. చలిదేశంలో చిన్నగా, వెచ్చగా ఉన్న ఇల్లు కోజీ, అది అక్కడ మెచ్చుకోలు. ఏప్రిల్ నెలలో రేకుల కింద పడుకునే పిల్లకు వెచ్చగా ఉండటం మెచ్చుకోలు ఎట్లా అవుతుంది? ఆ పిల్లకు కావాల్సింది ఉక్కగా ఉంది అనడానికి స్టఫీ, వానొస్తే కురుస్తుంది అనడానికి లీక్స్, గోడ చెమ్మకు డ్యాంప్, గాలి వస్తుంది అనడానికి ఎయిరీ. ఈ నాలుగు వస్తే వాళ్లు ఇంటి గురించి నిజం రాయగలరు, రేపు ఎక్కడికన్నా పోయి కిరాయి ఇల్లు వెతుక్కునేటప్పుడు ఓనర్‌తో మాట్లాడనూగలరు. స్పేషియస్, లగ్జూరియస్ లాంటి మాటలు ప్లాట్ల బ్రోచర్ల నుంచి ఎట్లాగూ వచ్చేస్తాయి. షాద్‌నగర్ నుంచి ఇటు వచ్చే రోడ్డంతా అవే బోర్డులు.

చేయడం కష్టమేం కాదు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్ట్ పనికి మార్కులు ఎట్లాగూ ఉన్నాయి. చార్టులో బొమ్మలు కత్తిరించి అతికించడం మాన్పించి, ఇంట్లో వాళ్లను అడిగి ఇల్లు దేంతో కట్టారో, ఎవరు కట్టారో, కడప (గడప) ఎక్కడ, అర్రలు (గదులు) ఎన్ని, అరుగు ఉందా, పశువుల కొట్టం ఎటువైపో ఇంగ్లిష్‌లో రాయమనండి. అరుగుకు ఒక్క మాట దొరక్కపోతే నలుగురు కూర్చోవడానికి ఇంటి ముందు కట్టిన ఎత్తు అని విడమరిచి రాస్తారు, భాష అట్లా రాస్తేనే కదా వచ్చేది. మీరు కూడా విద్యార్థుల పేజీలో ఒక వారం మన ఇళ్ల పదాలు వేయండి, కావాలంటే మా క్లాసు పిల్లలు రాసినవి పంపిస్తాను. పేపర్లు దిద్దే తోటి టీచర్లకు మాత్రం ఒక మనవి. అవర్ రూఫ్ ఈజ్ మేడ్ ఆఫ్ స్టోన్ స్లాబ్స్ అని ఎవరైనా రాస్తే గైడులో లేదని మార్కు కొట్టేయకండి.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ టీచర్,
మహబూబ్‌నగర్ జిల్లా