చెట్టు వేషం వేసిన సిమెంటు

సంపాదకులకు నమస్కారం.

మే నెలలో హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తే నల్లమల చూపిద్దామని మన్ననూరు దారిలో ఒక కాటేజీలో రాత్రికి దిగాం. వరండా రెయిలింగ్ దూరం నుంచి అచ్చం చెట్టు మొద్దుల్లాగే ఉంది. దగ్గరికి పోతే సిమెంటు! తాపీతో బెరడు గీతలు గీసి, గోధుమ రంగు పూసి, కొమ్మ నరికినట్టు గుండ్రాలు కూడా దిద్దారు. ఒకచోట పెచ్చు ఊడి తుప్పు పట్టిన చువ్వ బయటపడింది. మా మనవడు దాన్ని గోకి, "తాతా, ఈ చెట్టుకు ఎముక ఉంది" అన్నాడు.

రాత్రి పదకొండైనా స్లాబు సెగ తగ్గలేదు. కరెంటు పోయి ఏసీ ఆగాక పరుపులు వరండాలోకి లాక్కున్నాం. బయట మాత్రం హాయిగా గాలి వీస్తోంది.

కర్రపని చేసే ఇంట్లో పుట్టాను కాబట్టే ఇంత బాధ. మా నాయన దేవరకొండ దిక్కు భవంతి ఇండ్లకు దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలు ఎత్తిన మనిషి. మొగరాన్ని, అంటే నిలువు స్తంభాన్ని, ఏనాడూ మట్టిలో పాతలేదు, రాతి దిమ్మె మీద నిలబెట్టేవాడు. జల్లు తగలకుండా చూరు బాగా ముందుకు దించేవాడు. మాను నడుమ ఉండే గట్టి చేవ కర్రే ఏరేవాడు, అదీ నీడలో ఆరినాకే. కర్ర తడిస్తే ఏం కాదు, తడి ఆరకపోతేనే పాడైతదని ఆయన లెక్క. ఆయన ఎత్తిన దూలాలు కొన్ని ఇంకా చెక్కుచెదరలేదు.

కర్ర అనగానే నిప్పు భయం చెప్తారు. సన్న చెక్క భగ్గుమంటుంది, నిజమే. లావు దూలం అట్లా కాదు. పైన బొగ్గు పొర కట్టి లోపలి కర్రను కాపాడుతుంది, నిమిషానికి అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ మాత్రమే కాలుతుంది. నార్వేలో 2019లో కలపతో 18 అంతస్తుల భవనమే లేపారు. మన కేంద్ర ప్రజాపనుల శాఖ కూడా 1993లో తన కట్టడాల్లో కలప వాడకం మీద పెట్టిన నిషేధాన్ని 2020లో ఎత్తేసింది.

అట్లని అమ్రాబాద్ పులుల అడవిలో పుల్ల కూడా ముట్టొద్దు. రైతుల గట్ల మీద టేకు ఉంది, చేలల్లో నీలగిరి ఉంది. అడవి బయట పెంచిన వెదురును 2017లోనే అటవీ చట్టం చెట్ల జాబితా నుంచి తీసేసింది. బోరాక్సు, బోరిక్ యాసిడ్ నీళ్లలో నానబెడితే వెదురుకు పురుగు అంత తొందరగా పట్టదు. పని చేయడానికి ఊళ్లల్లో వడ్లోళ్లు, అంటే వడ్రంగులు, ఉన్నారు, ఇప్పుడు రెడీమేడ్ తలుపులు బిగించుకుంటూ బతుకుతున్నారు.

ఒక్క చిక్కుంది, దాచను. కర్ర ఇంటికి ఏటా నూనె పట్టించాలి, చూరు చూసుకోవాలి, చెదల దారి కనిపెట్టాలి. కట్టి బిల్లు తీసుకుని పోయే కాంట్రాక్టరుకు ఇదంతా తలనొప్పి. స్లాబు మీద మోజుకు అసలు కారణం ఇదేనని నా అనుమానం. అందుకే టెండర్‌లోనే పదేళ్ల మరమ్మతు ఖర్చు కలిపి, ఆ పని స్థానిక వడ్లోళ్లకే రాసివ్వాలి.

మన్ననూరులోనో కృష్ణ ఒడ్డు సోమశిలలోనో పర్యాటకులకు సర్కారు ఇకముందు కట్టే నాలుగు గదుల్లో రెండైనా రాతి దిమ్మెల మీద, కర్రతో, గూనపెంకల కప్పుతో కట్టండి. మే నెలలో సంబంధిత అధికారులే ఒక రాత్రి అందులో, ఒక రాత్రి స్లాబు కింద పడుకుని చూడాలని మనవి.

— ఒక పాఠకుడు, అచ్చంపేట