ఆ మార్కుల ఫోటో గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

గేటు దగ్గర వారం రోజులుగా నడుస్తున్న చర్చ నా చెవిన పడుతూనే ఉంది. ఎనిమిదో తరగతి రిజిస్టరు పేజీని మా ఉపాధ్యాయుడొకరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పేర్లు, మార్కులు, పుట్టిన తేదీలు, మీ ఫోన్ నంబర్లు అన్నీ అందులో ఉన్నాయి. పది నిమిషాల్లో తీసేశారు గానీ అప్పటికే అది గ్రూపు దాటిపోయింది. సాయంత్రానికల్లా కోచింగ్ కేంద్రాల నుంచి ఫోన్లు. "మీ వాడికి లెక్కల్లో పదకొండేనట కదా" అని ఒక తల్లిని అడిగారట! తప్పు బడిది, క్షమించండి. ఇకపై ఎవరి మార్కులు వారి ప్రోగ్రెస్ కార్డులోనే.

అయితే గ్రూపులోంచి దాన్ని బయటికి పంపింది మాత్రం మా ఉపాధ్యాయుడు కాదు. ఇంతకు మించి చెప్పను.

"చట్టం ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు కదా సార్" అని ఒకరన్నారు. నిజమే. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు అప్పటి నుంచి 18 నెలల గడువిచ్చారు. గడువుంది కదా అని పిల్లవాడి పరువు తీయవచ్చా? సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ని, గోప్యత మాటెత్తితే ఆగలేను. పుట్టస్వామిగారనే పెద్దాయన ఎనభై దాటిన వయసులో, హైకోర్టు న్యాయమూర్తిగా రిటైరయ్యాక, ఆధార్ మీద కోర్టుకెక్కారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ముక్తకంఠంతో చెప్పారు. ఆ హక్కు పెద్దలకు మాత్రమే కాదు. కొత్త చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా వారి వివరాలు వాడకూడదు, వారి మీద కన్నేసి ప్రకటనలు గుప్పించకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది.

తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు ఏం చేశారో చెప్పాలి. మన అడ్మిషన్ ఫారం తీసుకుని ఎర్ర పెన్సిలుతో ప్రతి గడి పక్కనా "ఇదెందుకు?" అని రాసుకొచ్చారు. తల్లి చదువెందుకు, తండ్రి ఆదాయమెందుకు? పనికి అవసరమైనంత సమాచారమే అడగాలని చట్టంలో ఉన్న మాట నాకే చదివి వినిపించారు. నాలుగు గడులు కొట్టేశాం. ఆ కాగితం నా గదిలో గోడకు అంటించాను, వచ్చి చూడండి. నా ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నా ఫారం దిద్దిన పిల్లలు వీరే!

ఇక ఇంటి సంగతి. ఆటల యాప్‌లో వయసెంత పెట్టారని ఆరో తరగతిలో అడిగాను. "ఇరవై ఒకటి సార్, నాన్నే పెట్టారు" అన్నాడొకడు. తలలూపినవారు చాలామంది. చట్టం సమ్మతి అడిగేది మిమ్మల్ని. మీరే పిల్లవాడికి పదేళ్లు కలిపితే ఇక అడిగేదెవరిని? ప్రోగ్రెస్ కార్డులు స్టేటస్‌లో పెట్టుకునేవారికీ ఒక మనవి, కాస్త ఆలోచించండి. మార్కులు తగ్గిన నెలలో ఎవరూ పెట్టడం లేదని గమనించాను.

అర్ధసంవత్సర పరీక్షల టైంటేబుల్ డైరీలో ఉంది, బస్సు ఫీజు పదో తేదీలోగా కట్టండి.

ఫోటోల సమ్మతి పత్రం శుక్రవారం పంపుతున్నాం. వద్దనుకుంటే వద్దనే రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు. సంతకం మాత్రం మీరే చేయండి. పోయినసారి వచ్చిన వాటిలో కొన్ని నాకు బాగా తెలిసిన చేతిరాతల్లో ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు